మేకు మీద మిగిలిన బిళ్ల

మా అత్త పత్తి ఏరడం ఎప్పుడు ముగిస్తుందో దాన్ని బట్టి నేను నా కాన్పు సెలవు లెక్క వేసుకున్నాను. ఈ మాట చెప్తే ఆఫీసులో గుమాస్తా నవ్వాడు. నవ్వేవాళ్లకేం, వాళ్ల ఇళ్లలో పిల్లను ఎత్తుకోవడానికి నలుగురుంటారు. మాకు ఉన్నది ఒక్క అత్త. ఆమె జనవరి ఆఖరుదాకా చేను వదిలి రాదు.

నాది గోదావరిఖనిలో భూగర్భ గని మీద ల్యాంపు రూములో డ్యూటీ. నాన్న ఒంట్లో సత్తువ పోయి మెడికల్ అన్‌ఫిట్ అయితే ఆయన ఉద్యోగం నాకొచ్చింది. అమ్మ అంతకు ముందే పోయింది, ఉద్యోగం నా చేతికొచ్చిన రెండేళ్లకు నాన్న కూడా పోయాడు. మా ఆయన జైపూర్ ప్లాంటులో కాంట్రాక్టు పని చేస్తాడు. ఒక్క రోజు రాకపోతే ఆ చోట్లో ఇంకొకరు నిలబడి ఉంటారు, కాబట్టి ఆయన సెలవు గురించి మాట్లాడుకోవడమే దండగ. కంపెనీ క్వార్టర్లో మేమిద్దరమే.

సెలవు ఇరవై ఆరు వారాలు. అందులో కాన్పుకు ముందు ఎనిమిది వారాలదాకా వాడుకోవచ్చు. వాడుకోవచ్చు అన్నారు గానీ, వాడుకోవాలి అనలేదు కదా. డాక్టరు ఇచ్చిన తేదీ జులై ఆఖరు వారం. బిడ్డ పుట్టిన రోజునుంచి సెలవు మొదలైతే జనవరి ఆఖరుదాకా వస్తుంది. అప్పటికి అత్త చేతులు ఖాళీ. అదే అందరూ చెప్పినట్టు ఎనిమిదో నెలనుంచి ఇంట్లో కూర్చుంటే డిసెంబరు మొదట్లోనే సెలవు అయిపోతుంది. పత్తి కాయలు పగిలే రోజులవి. అప్పుడు నాలుగైదు నెలల పిల్లను ఎవరి చేతిలో పెట్టాలి? దీపాల పక్కన ర్యాకులో పెట్టి ఛార్జింగు పెట్టలేను కదా.

అత్త చెడ్డది కాదు. మొహం మీద చెప్పేసింది. "పత్తి అయినంక వస్త. అప్పటిదాక నన్ను పిలువకుర్రి." ఆ మాటకు ఒళ్లు మండింది, నిజమే. కానీ వస్తానని చెప్పి రాకుండా ఉండేవాళ్ల కంటే నయం. ఆమె రెండెకరాల మీద వానపడితే పత్తి నల్లబడి ఎందుకూ పనికి రాదు, ఆమె మాత్రం ఏం చేస్తుంది. నేను క్యాలెండరు తీసి వెనకనుంచి ముందుకు లెక్కపెట్టుకున్నాను. చివరి రోజుదాకా డ్యూటీ చేయాలి. కడుపులో ఉన్నప్పుడు ఇంట్లో కూర్చునే ప్రతి రోజూ, తర్వాత వాడు ఒంటరిగా ఉండే రోజు. అంతే నా ప్లాను.

దాన్ని కాపాడుకోవడానికి ఎంతమందితో పోట్లాడానో లెక్కలేదు. డాక్టరమ్మతో పోట్లాడాను. నన్ను చూస్తే భయమేస్తోందన్న షిఫ్టు ఆఫీసరుతో పోట్లాడాను. మా ల్యాంపు రూములో రెండో షిఫ్టుకు వచ్చే పెద్దాయన ఉన్నాడు, రిటైర్మెంటుకు దగ్గరపడ్డవాడు, అందరమూ కాక అంటాం. ఆయన ఏమీ అనకుండా ఇంటినుంచి ఒక మెత్తటి దిండు తెచ్చి నా కుర్చీలో పెట్టాడు. ఆయన ఒక్కడితోనే పోట్లాడలేదు.

ల్యాంపు రూము పని బయటివాళ్లకు తెలియదు, రెండు ముక్కల్లో చెప్తాను. గనిలోకి దిగే ప్రతి మనిషికీ ఒక నంబరు, ఆ నంబరు చెక్కిన ఇత్తడి బిళ్ల ఒకటి. కిటికీ దగ్గర బిళ్ల ఇస్తాడు, దాన్ని అతని మేకుకు తగిలించి అతని దీపం ఇస్తాం. టోపీకి తగిలించుకుని దిగుతాడు. పైకొచ్చాక దీపం ఇచ్చి బిళ్ల తీసుకుని పోతాడు. కాబట్టి షిఫ్టు అయ్యేసరికి గోడ మీద మేకులన్నీ ఖాళీ కావాలి. ఏ మేకుకైనా బిళ్ల మిగిలిందంటే మనిషి లోపలే ఉన్నట్టు. మా ల్యాంపు రూములో ఇంకొకటి కూడా ఉంది. కాగితం మీద లేదు గానీ నాన్న కాలంనుంచీ నడుస్తోంది. దీపం ఎవరి చేత్తో ఇస్తే ఆ చేత్తోనే తిరిగి తీసుకోవాలి. ఒక్క బిళ్ల మిగిలినా దీపం ఇచ్చినవాళ్లు కుర్చీ దిగరు.

ఆ కిటికీ దగ్గరే పరిచయమయ్యాడు, రోజూ గనిలోకి దిగే ఒకతను. నాకంటే నాలుగైదేళ్లు చిన్న. నన్ను అక్కా అంటాడు, నేను తమ్మీ అంటాను. అతని భార్యకూ అదే నెల, నాకంటే ఓ వారం ముందు తేదీ. దవాఖానలో చూపించుకునే రోజుల్లో ఆ అమ్మాయీ నేనూ ఒకే బెంచీ మీద కూర్చునేవాళ్లం. మగవాళ్లకు మాకున్నంత సెలవు ఎక్కడిది. అతని దగ్గర దాచుకున్న లీవులు పదో పన్నెండో ఉన్నాయి. వాటిని జులై మొదటి వారాలనుంచే పెట్టుకుని ఇంటి దగ్గర ఉందామని అతని ఆలోచన. నా నోరు ఊరుకుంటుందా. ముందు వాడితే వృథా, నొప్పులు రాకముందు నువ్వు ఇంట్లో కూర్చుని గోడలు చూస్తావా, పుట్టాక ఎత్తుకోవడానికి ఉంచుకో అని నా ప్లానంతా అతనికి నూరిపోశాను. విన్నాడు. డాక్టరిచ్చిన తేదీనుంచి లీవు రాసి ఇచ్చాడు. నా మాట ఒకడు విన్నాడని ఎంత గర్వపడ్డానో ఇప్పుడు తలుచుకుంటే నా చెంప నేనే వాయించుకోవాలనిపిస్తుంది.

ఆ రోజు ముసురు. పొద్దున ఏడు కాకముందే వరసలో వచ్చి కిటికీ ముందు నిలబడ్డాడు గానీ బిళ్ల ఇవ్వలేదు. వేళ్ల మధ్య తిప్పుతూ ఉన్నాడు. వెనక వాళ్లు గునుస్తున్నారు.

"తెల్లారగట్ల నుంచి నడుము నొస్తుందంటుంది అక్కా. ఇంటికి పోదునా అని జూస్తున్న."

"తొలి కాన్పు గిట్లనే ఉంటది తమ్మీ. నడుము నొప్పికే లీవు పాడుజేస్కుంటవా? ఇంకా ఐదు దినాలుంది. దిగిరా పో."

ఇంకొక్క క్షణం నిలబడి బిళ్ల ఇచ్చాడు. దీపం ఇచ్చాను. ఫోను గేటు ముందు చాయ్ హోటల్లో అందరిలాగే పెట్టి వచ్చాడు, లోపలికి ఫోన్లు తీసుకుపోకూడదు. ఆ రోజు తన బండి కూడా లేదు, తనతో జోడీగా పనిచేసే అతని బండి మీద వచ్చాడు. ఇవన్నీ తర్వాత ఎంత చెడగొట్టాయో చెప్తాను.

నాకు పదకొండు దాటాక మొదలైంది. ముందు గ్యాసనుకున్నాను. ఒంటిగంటకు గ్యాసు కాదని తెలిసింది. నా తేదీకి ఇంకా పన్నెండు రోజులుంది. అయినా బుర్ర అదే లెక్క చేస్తోంది. మూడింటికి షిఫ్టు దిగుతాను, కాకకు తాళాలిచ్చి ఆటోలో దవాఖానకు పోతాను, ఇవాళ్టి హాజరు హాజరే. ఒక్క రోజైనా వాడి వైపు మిగిలింది అనుకున్నాను. అప్పుడు నాకు నా బిడ్డ కంటే నా లెక్క ఎక్కువైపోయిందేమోనని ఇప్పుడు అనిపిస్తుంది. అప్పుడు అనిపించలేదు. పంతం పట్టానంటే నేను మనిషిని కాను.

రెండు గంటలకు ఒక నొప్పి వచ్చింది, కళ్లు బైర్లు కమ్మాయి. కిటికీ ముందు ఎవరైనా చూస్తే వెంటనే ఆఫీసుకు చెప్తారని లేచి ర్యాకుల వెనక్కు పోయాను. గోడ పట్టుకుని నిలబడ్డాను. పది నిమిషాలో పావుగంటో. రేకుల మీద వాన, చెవుల్లో నా ఊపిరి తప్ప ఏమీ వినపడలేదు. తేరుకుని వచ్చి దిండు మీద కూర్చున్నాను. కిటికీ దగ్గర ఎవరూ లేరు.

మూడింటికి మనుషులు పైకి రావడం మొదలైంది. దీపాలు తీసుకుంటున్నాను, బిళ్లలు ఇస్తున్నాను. కాక వచ్చి పక్కన నిలబడ్డాడు. గుంపు పలచబడింది. అతని జోడీ వచ్చాడు, దీపం ఇచ్చాడు, బిళ్ల తీసుకుని చాయ్‌కి పోయాడు. ఇంకో పది మంది వచ్చారు. తర్వాత ఎవరూ రాలేదు. తల తిప్పి గోడ చూశాను. ఒక్క మేకుకు బిళ్ల ఉంది. నంబరు చూడకముందే ఎవరిదో తెలిసిపోయింది.

రెండో షిఫ్టును దిగకుండా ఆపి, జోడీని వెనక్కు పిలిపించారు. తనకు కడుపు బాగలేదని చెప్పి తమ్మి ఒకటిన్నరకే పైకి బయల్దేరాడు, పైకి వచ్చేశాడనే అనుకున్నాను అన్నాడు. ఒకటిన్నరకు బయల్దేరిన మనిషి మూడున్నరకు కూడా పైకి రాలేదు. దారిలో బొగ్గు తవ్వేసి వదిలేసిన పాత పనుల వైపు మూసేసిన గల్లీలు ఉన్నాయి, కడుపు బాగలేని మనిషి పక్కకు తిరిగాడేమో, అక్కడ పైకప్పు పట్టు లేదు. ఎవరూ ఈ మాట పైకి అనలేదు. కానీ షిఫ్టు ఆఫీసరు మొహం చూస్తే తెలుస్తోంది. చాయ్ హోటల్‌కు మనిషిని ఉరికించారు. ఫోను అక్కడే ఉంది. మోగి మోగి ఆగిపోయిందట. ఫోను తీసుకోలేదంటే మనిషి పైకి రానట్టే. బండి ఉందో లేదో చూసి తేల్చుకుందామంటే ఆ రోజు తన బండే తేలేదు. బయటికొచ్చినట్టు హాజరు మిషను మీద వేలిముద్రా వేయలేదు. గేటు దగ్గర గార్డు వానకు గూడులో ముడుచుకుని ఉన్నాడు, చూడలేదన్నాడు. ఇంటికి మనిషిని పంపారు, ఆ ఇల్లు ఊరికి అవతల కొసన, పోయినవాడు ఎప్పటికి తిరిగొస్తాడో.

షిఫ్టు ఆఫీసరు నా కిటికీ దగ్గరికొచ్చాడు. "మూడింటికి ముందు ఎవరన్న పైకొచ్చిర్రా? నువ్వు కిటికీ కాడనే ఉన్నవా?"

"ఇక్కడనే ఉన్న సార్. ఎవరు రాలే."

ఆ అబద్ధం ఎందుకు చెప్పానో ఇన్నాళ్లూ ఆలోచిస్తూనే ఉన్నాను. పావుగంట లేనంటే ఎందుకు లేవని అడుగుతారు. నొప్పులంటే, నొప్పులు పెట్టుకుని డ్యూటీలో ఎందుకున్నావంటారు. అంతమంది మీద పోట్లాడి నిలబెట్టుకున్న ప్లాను, వాళ్ల ముందు అభాసుపాలవుతుంది. అంత చిన్న సిగ్గు. దానికోసం చెప్పాను. నా మాట పట్టుకునే నలుగురు దీపాలు తీసుకుని లోపలికి దిగారు. వాళ్ల దీపాలు కూడా నేనే ఇచ్చాను. గోడ మీద ఇప్పుడు ఐదు బిళ్లలు.

గని ముందుకు అంబులెన్సు తెచ్చి పెట్టారు. వెనక తలుపులు తెరిచి, స్ట్రెచరు సగం బయటికి లాగి. పొద్దున నేను దిగిరా పో అన్న మాట చెవుల్లో మోగుతోంది. దవాఖాన బెంచీ మీద పక్కన కూర్చునే ఆ అమ్మాయికి ఫోను చేశాను. ఎత్తలేదు. మళ్లీ చేశాను. నిండు చూలాలికి ఏం చెప్పాలని చేస్తున్నావే అని నన్ను నేనే తిట్టుకుని పెట్టేశాను. నొప్పులు ఇప్పుడు దాచితే దాగేవి కావు. కాక చూస్తున్నాడు.

"లేవు బిడ్డా. నేను కూసుంట."

"దీపం నేనిచ్చిన కాకా."

నాలుగు కావస్తుండగా కుర్చీలో ఉండగానే ఉమ్మనీరు పోయింది. ఆయన తెచ్చిన దిండు తడిసిపోయింది. నాకు ఏడుపొచ్చింది, నొప్పికి కాదు, ఆ దిండు పాడుచేశానని. మనిషి బుర్ర ఎట్లా పనిచేస్తుందో చూడండి. కాక పోయి ఆఫీసరుతో ఏదో చెప్పాడు. ఆయన అంబులెన్సు వైపు చెయ్యి చూపించాడు. నేను కుర్చీ చేతులు గట్టిగా పట్టుకున్నాను. అది ఒక్కటే అంబులెన్సు. నేను ఎక్కిపోయాక వాళ్లు అతన్ని మోసుకొస్తే? దేంట్లో తీసుకుపోతారు? ఆటో పిలవండి అన్నాను. ముసురులో ఆటో ఎక్కడిదని ఎవరో అన్నారు. నేను రానంటే రానన్నాను. అప్పుడు కాక వంగి నా మొహంలోకి చూసి మెల్లగా అన్నాడు.

"లోపల ఉన్నోడు ఉన్నడో లేడో మనకెర్క లేదు. నీ కడుపుల ఉన్నది మాత్రం ఉన్నది. లేవు."

లేచాను. అంబులెన్సు స్ట్రెచరు మీద పడుకుంటే అది ఇంకొకరి చోటు అనిపించింది. ఆఫీసులో ఊడ్చే ఆమె నా చెయ్యి పట్టుకుని కూర్చుంది. దారిపొడుగునా బొగ్గు లారీలు, గుంతలు. ప్రతి గుంతకూ ఒక నొప్పి. నేను దేవుణ్ని అడిగింది ఒక్కటే. అతను ఉండాలి. నా లెక్క ఏమైనా కానీ, డిసెంబరైనా కానీ, అతను ఉండాలి.

కంపెనీ దవాఖానలో కాన్పుల వార్డు మేడ మీద. నన్ను చక్రాల కుర్చీలో తోసుకుంటూ వరండాలోకి తిప్పారు. చివర కిటికీ పక్కన, గోడకు ఆనుకుని ఒక మనిషి నిలబడి ఉన్నాడు. ఒళ్లంతా బొగ్గు, బొగ్గు మీద వాన చారలు. తల మీద గని టోపీ. టోపీకి దీపం. దీపం వెలుగుతూనే ఉంది, ఎదురుగా గోడ మీద గుండ్రటి వెలుగు. పక్కన నిలబడ్డ నర్సు ఆ వెలుగుకు కళ్లు చిట్లించి, ఇది తీయవయ్యా అని చెప్తున్నట్టుంది, అతనికి వినపడ్డట్టు లేదు.

నేను కుర్చీ ఆపించాను. ఏం తిట్టానో నాకు గుర్తు లేదు. ఊడ్చే ఆమె తర్వాత చెప్పింది, నోటితో చెప్పలేని మాటలన్నీ అన్నావని. అతని చొక్కా పట్టుకుని కిందికి గుంజి టోపీ లాక్కుని, దీపం మీద నంబరు చూశాను. మనిషి ఎదురుగా ఉన్నా నంబరు చూడందే నా చేతులకు నమ్మకం కుదరలేదు. ఆ నంబరే. అప్పుడు ల్యాంపు రూముకు ఫోను చేశాను.

"కాకా. దీపం దొరికింది. మనిషి గూడ. దవాఖానలున్నడు. లోపలున్నోళ్లను పిలువుర్రి."

మంచిది బిడ్డా, ఇగ నువ్వు పో అన్నాడు కాక. నేను దీపం ఒళ్లో పెట్టుకునే లోపలికి పోయాను. నర్సు లాగేసుకునేదాకా వదల్లేదు. చీకటి పడకముందే నాకు కొడుకు పుట్టాడు. నా కంటే గంటన్నర ముందు పక్క గదిలో అతనికి కూతురు పుట్టింది. లోపలికి దిగిన నలుగురూ క్షేమంగా పైకొచ్చారని కాక మళ్లీ ఫోను చేసి చెప్పాడు. మా ఆయన డ్యూటీ దిగి వచ్చేసరికి అంతా అయిపోయింది.

వారం తిరక్కుండానే ఆఫీసునుంచి కాగితం వచ్చింది. ఆ రోజు ఏం జరిగిందో ల్యాంపు రూములో ఉన్నదాన్ని కాబట్టి నేను రాసివ్వాలి. బిడ్డను ఒళ్లో వేసుకుని రాశాను. దీపం ఇచ్చిన సమయం రాశాను. తిరిగి ఇవ్వలేదని రాశాను. కిటికీ దగ్గర నేను ఉన్నానని రాశాను. రాసి, చదివి, సంతకం పెట్టాను. ఒకసారి నోటితో అన్న అబద్ధాన్ని రెండోసారి చేత్తో రాయడం ఎంత సులువో. అతని మీద ఎంక్వయిరీ నడిచింది. ఎట్లా పోయావంటే, మనసు బాగలేక పోయాను, దీపం మర్చిపోయాను అన్నాడట. ఇంకేమీ చెప్పలేదట. నాకు ఆ మాట చెవిన పడ్డాక వాళ్లున్న వీధి వైపు పోవడం మానేశాను. సూదిమందులకు దవాఖానకు పోవాల్సి వస్తే వాళ్లు పోయే వారం తప్పించి పోయేదాన్ని.

ఇక నా ప్లాను. వాడు పన్నెండు రోజులు ముందు వచ్చాడు కాబట్టి సెలవు పన్నెండు రోజులు ముందే అయిపోతుంది. జనవరి మధ్యలో నేను డ్యూటీ ఎక్కాలి, అత్త నెలాఖరుకు గానీ రాదు. అంత పోట్లాడి, అంత అబద్ధమాడి, చివరికి చేతికొచ్చింది ఆ పన్నెండు రోజుల గుంట. మూడు రోజులకు నా దగ్గర లీవులున్నాయి. మిగతా తొమ్మిదింటికి ఏం చేయాలో తోచక, అత్త మీద అరిచాను, మా ఆయన మీద అరిచాను, ఏమీ తెలియని పసివాడి మీద కూడా ఒకసారి అరిచి, వాడు బిత్తరపోయి చూస్తే నేనే ఏడ్చాను.

సెలవు ఇంకా నాలుగు రోజులుందనగా సాయంత్రం తలుపు చప్పుడైంది. తీస్తే అతను. చేతిలో మడత పెట్టిన కాగితం. పది రోజుల సస్పెన్షను, పదిహేనో తారీకునుంచి. ఎవరో ముందే చెప్పారు నాకు. కొట్లాటకు వచ్చాడనుకున్నాను. రానీ, అనవలసినవన్నీ అననీ అనుకుని పక్కకు జరిగాను. లోపలికొచ్చి కింద కూర్చుని, చాప మీద బోర్లా పడుకున్న నా కొడుకు వైపు చూస్తూ అడిగాడు.

"పదిహేను నుంచి డ్యూటీకొస్తున్నవట గదా అక్కా. పోరన్ని ఎవరు జూస్తరు?"

ఎవరూ లేరన్నాను.

"నేను ఇంట్లనే ఉంట గదా పది దినాలు. నా బిడ్డ పక్కన పండబెడ్త. ఏం తాగుతడో ఎప్పుడు తాగుతడో రాసియ్యి."

ఇక ఉండబట్టలేక చెప్పేశాను. ఆ రోజు పావుగంట నేను కిటికీ దగ్గర లేనని, ఉన్నానని రాశానని. తల వంచుకునే విన్నాడు.

"నాకెర్కే అక్కా. నేను కిటికీ కాడికొచ్చిన. రెండుసార్లు పిలిచిన. ర్యాకుల సందులకెల్లి జూస్తే నువ్వు ఎనక గోడ పట్టుకోని ఉన్నవు. నిన్ను గట్ల జూసినంక ఇంటికాడ ఆమె ఎట్లున్నదో అని ఇగ నిలవడబుద్ధి గాలె. ఉరికిన. గేటు ముందట ఆటో కనవడితే ఎక్కిన, ఇంటికాడ ఆమెను గూడ ఎక్కించుకోని అదే ఆటోల దవాఖానకు పోయిన. టోపీ సోయి లేదు, ఫోను సోయి లేదు."

"మరి అదే చెప్పకపోతివి?"

"చెప్తే నిన్నడుగుతరు. ఇద్దరికీ కాగితాలొస్తే పిల్లలేం గావాలె?"

ఆ మాటకు నేను పైట అడ్డం పెట్టుకుని ఏడ్చాను. రేపే పోయి నిజం రాసిస్తానన్నాను. వద్దన్నాడు, కాగితం వచ్చేసింది, ఇప్పుడు రాసి ఏం లాభమన్నాడు. నేను రాయలేదు. అతను వద్దన్నాడని రాయలేదా, అది నాకు వీలుగా ఉందని రాయలేదా అంటే, రెండోదే అని ఒప్పుకోవడానికి నాకు ఇంతకాలం పట్టింది. ఆ పావుగంట ఈ కాగితం మీద తప్ప ఇంకే కాగితం మీదా లేదు.

నేను డ్యూటీ ఎక్కిన మొదటి రోజు పొద్దున చలి. ఆరుంపావుకు కొడుకును గొంగళిలో చుట్టి, సీసా, డబ్బా, బట్టలు పట్టుకుని వాళ్లింటికి పోయాను. అతని భార్య పిల్లకు పాలిస్తూ నన్ను చూసి నవ్వింది. ఆ నవ్వును ఎదుర్కోవడం కంటే ఎంక్వయిరీలో నిలబడ్డమే నయమనిపించింది. అతను చేతులు కడుక్కుని వచ్చి వాణ్ని ఎత్తుకున్నాడు. వాడు కొత్త మొహం చూసి ఏడుపుకు మూతి విరిచాడు, ఆగాడు. నేను కదల్లేకపోతున్నాను. అది చూసి అతను గోడకు వేలాడుతున్న అంగీ జేబులోంచి ఏదో తీసి నా అరచేతిలో పెట్టాడు. అతని బిళ్ల.

"ఇది నీ కాడ పెట్టుకో అక్కా. మూడు గొట్టినంక వచ్చి బిళ్ల ఇయ్యి, పోరన్ని తీస్కో."

ల్యాంపు రూములో నా కుర్చీలో కొత్త దిండు ఉంది. కాక తెచ్చిందేనని అడగకుండానే తెలిసింది. వరస వచ్చింది, బిళ్లలు ఒక్కొక్కటే మేకులకు ఎక్కాయి, దీపాలు కిందికి పోయాయి. గోడ మీద ఒక్క మేకు ఖాళీగా ఉండిపోయింది. ర్యాకులో ఆ నంబరు దీపం పది రోజులూ కదల్లేదు. దాన్ని చూసినప్పుడల్లా సిగ్గేసేది. ఆ వెంటనే ధైర్యంగానూ ఉండేది. మేకు ఖాళీగా ఉంటే మనిషి పైన ఉన్నట్టు, పైన ఎక్కడ ఉన్నాడో ఎవరిని ఎత్తుకుని ఉన్నాడో నాకు తెలుసు. ఆ పది రోజులూ నేను రెండు గంటలప్పుడు కిటికీ వదలలేదు. మూడు కాగానే కాకకు తాళాలిచ్చి, కొంగున ముడివేసుకున్న బిళ్ల విప్పుకుంటూ వాళ్లింటికి పోయేదాన్ని.